బకెట్టులో నిలిచే డాలియా

సెమిలిగుడ,
శ్రావణ శుక్రవారం.

చిన్నీకీ, బాబుకీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు ఫోనులో పంపిన ఫోటో చూశాను. అన్నం కంచమంత డాలియా, దాని పక్కన ఎవరిదో పసిపిల్ల ముఖం. పువ్వు ముందు ఆ ముఖం చిన్నబోయింది. “ఇదే వేస్తాం, పెంచి జయపురంలో అమ్ముతాం” అని కింద రాశారు. ఫోనులో ఒక మాట చెప్పి ఊరుకుందామనుకున్నాను గానీ, ఇది ఒక మాటతో తేలే సంగతి కాదు. అందుకే కాగితం తీశాను.

ఆ కంచమంత పువ్వుతో నేను ఒకసారి చేతులు కాల్చుకున్నాను. మీ అమ్మకు ఇంకా పెళ్లి కాలేదప్పుడు. విజయనగరంలో ఒక పెళ్లి మండపానికి నలభై పూలు ఇస్తానని ఒప్పుకున్నాను. తెల్లవారుజామున కోసి, రెండు బకెట్లలో నిలబెట్టి, సాలూరు మీదుగా వెళ్లే బస్సెక్కాను. పొట్టంగి, సుంకి దాటేవరకు బాగానే ఉన్నాయి. ఘాట్ రోడ్డు మలుపులు మొదలయ్యాక ఒక్కొక్క పువ్వే తల వాల్చేసింది. డాలియా కాడ లోపల బోలుగా ఉంటుంది. దాని మీద అంత బరువైన తల ఉంటే కుదుపుకు మెడ దగ్గర నలగక ఏమవుతుంది? దిగి చూసేసరికి వెనక వరుస రేకులు తడిసిన కాగితంలా మెత్తబడ్డాయి. మండపం వాళ్లు పదకొండు ఏరుకుని, మిగతావి నా ముందే గోడ పక్కన పారేశారు. బస్సు ఛార్జీ కూడా రాలేదు. ఆ తరవాత ఏ డాలియానూ నేను మొక్క మీద చూసి మెచ్చుకోలేదు. కోసి బకెట్టులో పెట్టి, మర్నాడు పొద్దున చూసి మెచ్చుకుంటాను.

ఇప్పుడు ఒక పని చేయండి. ఎక్కడైనా ఒక డాలియా దొరికితే ఒక రేకును అడుగు వరకు మెల్లగా లాగి చూడండి. కింద సన్నని గొట్టంలా చుట్టుకుని ఉంటుంది. మనం రేకు అనుకునేది నిజానికి ఒక పువ్వు. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబమే ఇదీ. నడిమధ్య పసుపు బొట్టులా కనిపించేవి ఇంకా చిన్న పూలు. ఆ బొట్టు బయటికి కనిపించే రకాల మీద తేనెటీగలు వాలతాయి. పుప్పొడి అందగానే మొక్క పని అయిపోయినట్టే, రేకులు రాలుస్తుంది. అందుకని ఒంటి వరుస డాలియాలు పెరట్లో ఎంత ముచ్చటగా ఉన్నా కోతకు పనికిరావు. బిషప్ ఆఫ్ లాండాఫ్ అని, ఒంటి వరుస కాకపోయినా నడిమి బొట్టు కనిపించే 1924 నాటి రకం ఒకటి ఉంది. నల్లని ఆకులు, నిప్పులాంటి ఎరుపు. మీ ఇంటి గుమ్మం పక్కన ఒకటి పెట్టుకోండి, తేనెటీగల కోసం. అమ్మకానికి మాత్రం వద్దు.

కోతకు నా ఓటు ఆటబంతిలా గుండ్రంగా ఉండే బంతి డాలియాలకే. వాటి రేకులు లోపలికి చుట్టుకుని, తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఒత్తిడికి నలగవు, బస్సులో ఒకదానికొకటి తగిలినా గాయపడవు. రెండు అంగుళాలలోపు ఉంటే పాంపన్ అంటారు, దానికన్నా పెద్దదైతే బాల్. కార్నెల్ ముదురు ఎరుపు, జోవీ విన్నీ నారింజ కలిసిన గులాబీ, ఫ్రాంజ్ కాఫ్కా గులాబీ రంగు పాంపన్. నీళ్లు మారుస్తూ ఉంటే ఇలాంటివి ఐదు రోజులైనా కళ తప్పవు. వెడల్పు రేకులు పొందికగా పరుచుకున్న డెకరేటివ్ రకాలలో నాలుగు నుంచి ఆరు అంగుళాలవి కూడా మంచివే. కాక్టస్ రకాలకు రేకులు వెనక్కి చుట్టుకుని ముళ్లలా నిలబడతాయి. చూడటానికి బాణసంచాలా ఉంటాయి గానీ, ఆ కొనలు ప్రయాణంలో విరుగుతాయి. ఇక మీ ఫోటోలోది ఎనిమిది అంగుళాలు దాటిన జాతి. కెఫే ఓ లే అని పాలకాఫీ రంగుది, పెళ్లి ఫోటోలలో దానికి మహా పేరు. మండపం పక్కనే మడి ఉన్నవాళ్లు పెంచుకోవాల్సిన పువ్వు అది.

పేర్లు చెప్పాను గానీ వాటిని నమ్ముకుని బజారుకు వెళ్లకండి. మన వైపు నర్సరీలలో చాలాచోట్ల “ఎర్ర డాలియా, పసుపు డాలియా” అనే అమ్ముతారు. విత్తనాల పొట్లం అసలు కొనవద్దు. మనిషికి లక్షణాలు మోసే క్రోమోజోములు రెండు సెట్లుగా ఉంటాయి, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. తోట డాలియాకు ఎనిమిది సెట్లు. అన్ని కలగాపులగంగా పంచుకుంటే బిడ్డ తల్లిలా పుడుతుందన్న నమ్మకం ఏముంది? ఎర్ర బంతి డాలియా విత్తనం వేస్తే పసుపు ఒంటి వరుస రావచ్చు. పైగా పొట్లాలలో వచ్చేవి చాలావరకు మోకాలెత్తు రకాలు, వాటి కాడ పొడవు గుప్పెడు కూడా ఉండదు. అచ్చంగా అదే పువ్వు కావాలంటే దుంపను గానీ, కొమ్మ అంటును గానీ తీసుకోవాలి. దుంపకు పాత కాండం మొదలు అంటుకుని ఉండాలి, మొలక కన్ను అక్కడే ఉంటుంది. ఉత్త దుంప ఎంత లావున్నా మొలవదు.

తల్లి మొక్కను పూతలో ఉండగా చూడటమే అసలు పరీక్ష. పువ్వు కింద కాడ మూరెడైనా నిటారుగా వచ్చిందా? పువ్వు కొంచెం పక్కకు చూస్తోందా, లేక నేలకు మొహం వేలాడేసిందా? ఒకే మొక్కకు ఎన్ని పూలు? వెనక వరుస రేకులను బొటనవేలితో మెల్లగా తాకితే గట్టిగా తగులుతున్నాయా? ఆకు ఈనెల వెంట పసుపు చారలు కనిపిస్తే ఆ మొక్క అంటును ఊరికే ఇచ్చినా తీసుకోకండి. అది వైరసు. పేనుబంక దాన్ని మడి అంతా మోస్తుంది.

రంగుల విషయంలో అత్యాశ వద్దు. పది రంగులు పదేసి మొక్కలు కాదు, మూడు రంగులు చాలు. ముదురు ఎరుపు పగలు పట్టుచీరలా ఉంటుంది, రాత్రి మండపం దీపాలలో నల్లగా కనిపిస్తుంది. తెలుపు ఎప్పుడూ అమ్ముడుపోతుంది గానీ, ఒక్క వాన చుక్క, ఒక్క తామర పురుగు గీత పడినా దాచలేం. నేనైతే తెలుపు, నారింజ గులాబీ, కొంచెం ఊదా వేస్తాను. నీలం అడగకండి, డాలియాలో నీలం లేదు.

దీని పుట్టిల్లు మెక్సికో కొండలు. 1963లో ఆ దేశం దీన్ని జాతీయ పుష్పం చేసుకుంది. పేరు మాత్రం స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు అండర్స్ డాల్‌ది. కొండ చల్లదనం అలవాటైన మొక్క కాబట్టి దేవమాలి కొండ గాలి తగిలే మా సెమిలిగుడలో సుఖంగా ఉంటుంది. మీ జయపురం మాకన్నా రెండు వందల మీటర్ల పైచిలుకు కిందికి ఉంది. అక్కడ చలికాలం వరకే దాని వైభవం. ఎండలు ముదిరేలోపు పూత ముగిసే రకాలే మీకు కావాలి. పెద్ద పూలవి ఆలస్యంగా పూస్తాయి, చిన్న బంతి డాలియాలు ముందే వస్తాయి. మార్గశిర లక్ష్మీవారాలకు మన ఇళ్లలో పూజ, ఒడియా వాళ్లకు మాణబసా లక్ష్మీపూజ, అందరికీ పూలు కావాలి. అప్పటికి కోతకు రావాలంటే భాద్రపదంలోనే వేళ్లు పోసుకున్న అంట్లు మీ చేతిలో ఉండాలి. దండకు మాత్రం డాలియాను గుచ్చకండి, ఆ పని బంతిది, చేమంతిది.

మూడు నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచండి, కొమ్మలు పొడవుగా వస్తాయి. నడిమి మొగ్గకు అటూ ఇటూ ఉన్న రెండు మొగ్గలు గిల్లేయండి. ఊతకర్ర ముందే పాతండి. ఇక కోత: గులాబీలా మొగ్గమీద కోస్తే డాలియా నీళ్లలో విచ్చుకోదు. ముప్పాతిక వంతుకు పైగా విరిశాక, తెల్లవారుజామున కోసి, వెంటనే నీళ్లలో పెట్టాలి.

నా దగ్గర తెలుపు, నారింజ గులాబీ బంతి డాలియాల దుంపలు ఇసుకలో ఉన్నాయి. రెండు మూడింటికి కన్ను కదిలింది. వచ్చే వారం మీ మామయ్య జయపురం వస్తున్నాడు, తొట్టిలో పెట్టి పంపుతాను. మొలక పైకి వచ్చేవరకు నీళ్లు పోయకండి, కుళ్లిపోతాయి. మీరు మడి వేస్తామంటున్న గోడ పక్కన ఎండ ఎన్ని గంటలు పడుతుందో రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసి రాయండి. ఆరు గంటల లోపైతే ఆ చోటు కాదు, బావి పక్కది చూద్దాం.

మీ అమ్మమ్మ