పాపం చేస్తేనే వస్తుందా అని అడిగావు కదా

చిన్నీ, బాబీ,

డిసెంబరు 1న మీ బడిలో ఎయిడ్స్ దినం జరిపారట. ఇంటికి రాగానే "ఈ జబ్బు పాపం చేసినవాళ్లకే వస్తుందట, నిజమేనా?" అని చిన్ని అడిగిందని మీ అమ్మ చెప్పింది. ఫోనులో తేల్చేసే ప్రశ్న కాదమ్మా అది. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి, కూర్చుని రాస్తున్నాను.

ఎయిడ్స్ జబ్బును తెచ్చేది హెచ్‌ఐవి అనే వైరస్. రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల, వైరస్ ఉన్న రక్తం వల్ల, ఒకరికి గుచ్చిన సూది ఇంకొకరికి గుచ్చడం వల్ల, తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. ఒకే కంచంలో తిన్నా రాదు. మరి భర్త నుంచి సోకిన ఇల్లాలు ఏ పాపం చేసింది? పొత్తిళ్లలో బిడ్డ ఏ పాపం చేసింది?

ఒక ఇంట్లో కోడలి స్టీలు గ్లాసు అడుగున మేకుతో గీత గీసి, పెరటి గూట్లో వేరుగా పెట్టడం నా కళ్లారా చూశాను. ఆమెకు జబ్బు తెచ్చిన భర్త గ్లాసు మాత్రం వంటింట్లోనే ఉంది. మందులు మానేస్తేనే మొక్కు ఫలిస్తుందని ఎవరో చెప్పారట. మానేసింది. ఏడాది తిరగకుండానే పోయింది.

జ్వరం వస్తేనే డాక్టరు గుర్తొస్తాడు. గుడి, చర్చి, మసీదు పెద్దలు పుట్టుకకూ, పెళ్లికీ, చావుకూ మనతోనే ఉంటారు. అందుకే వాళ్ల మాటకు అంత బలం. "దేవుడి శిక్ష" అని వాళ్లంటే మనిషి భయపడి పరీక్షకే వెళ్లడు. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లలను ఊరికి వదిలేసే జోగిని ఆచారాన్ని మన రాష్ట్రంలో 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. అలా వదిలేసిన ఆడవాళ్లకు జబ్బు సోకితే, మళ్లీ ఆ దేవుడే శిక్షించాడనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

అదే బలం మంచికి పనిచేసిన చోటు ఆఫ్రికాలోని ఉగాండా దేశం. అక్కడ గిడియన్ బ్యాముగిషా అనే ఆంగ్లికన్ (క్రైస్తవంలో ఒక శాఖ) మతగురువు ఉన్నారు. 1991లో ఆయన భార్య చనిపోయారు. అది ఎయిడ్స్ అని తరువాతే తెలిసింది. 1992లో పరీక్ష చేయిస్తే ఆయనకూ వైరస్ ఉందని తేలింది. జబ్బు పేరెత్తడానికే జనం జంకే రోజులవి. ఆయన దాచుకోలేదు. తనకు హెచ్‌ఐవి ఉందని బయటికి చెప్పిన మొదటి ఆఫ్రికా మతగురువు ఆయనే. దేవుడి మాట చెప్పే మనిషే "నాకూ ఉంది" అంటే, వినేవాళ్లు ఇక ఎవరిని వెలివేస్తారు? తనలాంటి మతగురువులను కూడగట్టి తరువాత ఒక సంఘం కూడా పెట్టారు.

ఆ దేశంలోనే ముస్లిం డాక్టర్ల సంఘం 1992లో ఇమాములకు శిక్షణ మొదలుపెట్టింది. సున్తీ చేసేటప్పుడు ఒక్కో పిల్లవాడికి ఒక్కో కొత్త బ్లేడు వాడాలని, శవానికి స్నానం చేయించేవాళ్లు రక్తం అంటకుండా చూసుకోవాలని నేర్పారు. ఆచారాన్ని తిట్టలేదు, దాని లోపలి నుంచే జాగ్రత్త చెప్పారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కండోము మాట మొదట చాలామంది ఇమాములకు మింగుడుపడలేదు. ఎంతో చర్చ జరిగాక, నిగ్రహం, దాంపత్యంలో నమ్మకం తరువాత ఆఖరి రక్షణగా దాన్నీ బోధనలో చేర్చారు.

మన దేశంలో ప్రభుత్వం 2004 నుంచి మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ తప్పకుండా వేసుకుంటూ రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గిపోతే, లైంగిక సంబంధం వల్ల అది ఇంకొకరికి సోకదు. బ్యాముగిషా తరువాత తనలాగే వైరస్ ఉన్న ఒకామెను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు పుట్టిన పిల్లలకు వైరస్ లేదు.

చిన్నీ, ఆ మాట నీతో ఎవరన్నారో నేను అడగను. ఈ ఉత్తరం మాత్రం వాళ్లకూ చదివి వినిపించు.

మీ అమ్మమ్మ