నొప్పి అంటే ఏ నొప్పి?

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ, నానీ,

వేసవి సెలవుల్లో నానీ టార్చి పట్టుకుని నా నోట్లోకి తొంగిచూసి, "మామ్మా, ఇందులో ఏమీ లేదు, ఉత్తినే మంట మంట అంటున్నావు" అన్నాడు. వాడి తప్పేం లేదు. ముగ్గురు డాక్టర్లూ ఆ మాటే అన్నారు, కాకపోతే ఫీజు తీసుకుని అన్నారు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నా.

నేను పాతపట్నం పిల్లనని మీకు తెలుసుగా. పెళ్లయి సరిహద్దు దాటి ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయినా నా ఒడియా బజారు బేరాల వరకే. నాలుక చివర మంట మొదలైనప్పుడు ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, నాకు తెలిసిన మాట "బింధుఛి" అన్నాను. తలనొప్పికీ పంటినొప్పికీ ఇక్కడ వాడే మాట అది. ఆయన దవడ పన్ను పీకేశారు. నెల తర్వాత పక్కదీ పీకేశారు. మంట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నేను అనాల్సింది "పోడుఛి" అట. మండుతోంది అని అర్థం. మన చెవికి ఎవరో పొడిచినట్టు వినిపిస్తుంది కాబట్టి నేనెప్పుడూ ఆ మాట జోలికి పోలేదు. ఒక్క మాటకి రెండు పళ్లు పోయాయి. ఆయనైనా ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సిందని నాకు ఇప్పటికీ కోపమే.

అప్పటినుంచి మన మాటల్ని కాస్త పట్టించుకోవడం మొదలుపెట్టాను. చల్లనీళ్లు తగిలి జివ్వుమంటే చాలాసార్లు పంటిపై పొర అరిగిందని. రాత్రి పడుకోగానే పోటు పెడితే పుప్పి లోపలి నరందాకా పోయిందని. సలుపుతుంటే చీము పట్టిందేమో చూడాలి. ముఖం కడుక్కున్నా గాలి తగిలినా చెంపలో కరెంటు కొట్టినట్టు కొట్టి క్షణంలో ఆగిపోతే అది పన్ను కాదు, ముఖానికి స్పర్శనిచ్చే అయిదో నరం గొడవ. దానికి మూర్ఛకిచ్చే మందు పనిచేస్తుంది. పన్ను పీకితే తగ్గదు.

నాది మంట. మూడు నెలలకు పైగా, రోజూ కనీసం రెండు గంటలు నోరు మండుతూ, చూస్తే పుండూ పూతా ఏమీ లేకపోతే దాన్ని బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అని విడిగా ఒక జబ్బుగానే లెక్కిస్తారు. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లలో ఎక్కువ. అలా పేరు పెట్టేముందు మిగతావి లేవని తేల్చుకోవాలి: రక్తంలో ఇనుము, బి12 తక్కువా, షుగరా, థైరాయిడా, నోరు ఎండిపోతోందా, కట్టుడు పళ్లు ఒరుసుకుంటున్నాయా. కొన్ని బీపీ మాత్రలు కూడా ఈ మంట తెస్తాయి. మందే జబ్బు తేవడం మన ఊరికి కొత్త కాదులెండి. ఇక్కడ మేష్టారుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష కోసం మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ ఆయన వినికిడి తీసేసింది.

నాకు బి12 తక్కువని తేలింది. ఇంజెక్షన్లు వేయించుకుంటే సగం తగ్గింది. మిగతా సగానికి కారణం ఏమిటంటే, ఈ జబ్బున్నవాళ్ల నాలుక ముక్క తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నొప్పి మోసే సన్నటి నరపు పోగులు పలచబడి కనిపించాయట. నానీ టార్చికి అవి ఎలా కనిపిస్తాయి? రుచి మోసే నరం వేరు, నొప్పి మోసే నరం వేరు. రుచి నరం బలహీనపడితే నొప్పి నరానికి పగ్గం వదిలినట్టవుతుందని ఒక వాదన. తింటున్నంతసేపూ నాకు మంట తగ్గడం చూస్తే అది నిజమే అనిపిస్తుంది.

ఇక మనసు సంగతి. "అంతా నీ మనసులోనే ఉంది" అన్నవాళ్ల మీద నాకు ఒళ్లు మండింది. కానీ మనసుకి పాత్రే లేదనడం కూడా అబద్ధం. మోచెయ్యి తగిలితే వెంటనే రుద్దుకుంటారు కదా. ఆ రుద్దుడు కబురు వెళ్లి నొప్పి కబురుకి దారి మూస్తుంది. వెన్నుపాములో అలాంటి తలుపు ఉందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు. మెదడు కూడా పైనుంచి ఆ తలుపు వేయగలదు, తీయగలదు. కబడ్డీలో మోకాలు చీరుకుపోయినా ఆట అయ్యేదాకా నానీకి తెలియలేదు, గుర్తుందా?

నా మెదడు ఆ తలుపు బార్లా తీసి కూర్చుంది. మా చిన్నప్పుడు పాతపట్నంలో ఒక ముసలమ్మ చుట్ట నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేది. అంగిట్లో పుండు లేచి క్యాన్సరైంది. నాదీ అదేనని రోజుకి పదిసార్లు అద్దం ముందు నాలుక చాపేదాన్ని. నిద్ర లేదు. నిద్ర లేకపోతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే భయం ఎక్కువ. చివరికి ఒక డాక్టరమ్మ నోరంతా తడిమి చూసి, క్యాన్సర్ కాదని చెప్పి, "మీ మంట నిజమే" అంది. ఆ రాత్రి నిద్రపోయాను. ఒక చిన్న మాత్రని మూడు నిమిషాలు నోట్లో చప్పరించి ఉమ్మేయమంది. రోజూ కాసేపు కూర్చుని మాట్లాడించింది. పూర్తిగా పోలేదు. సాయంత్రమైతే ఇప్పటికీ వస్తుంది, నేను ఐసు ముక్క వేసుకుని టీవీ చూస్తాను.

నానీ, వక్కపొడి, గుట్కా పొట్లాల విషయం ఒక్క ముక్కలో. వాటివల్ల కారం తగిలితే నోరు మండడం మొదలై, బుగ్గలు లోపల గట్టిపడి, మూడు వేళ్లు పట్టనంతగా నోరు మూసుకుపోతుంది. అది క్యాన్సర్‌గా కూడా మారవచ్చు. ఆ మంట నా మంట లాంటిది కాదు. రెండు వారాలకు మానని పుండు కూడా అంతే, చూపించుకోవాల్సిందే.

అమ్మలూ, పరీక్షల ముందు పొద్దున్నే దవడ పట్టేస్తోందని మీ అమ్మ చెప్పింది. చెవి ముందు వేళ్లు పెట్టి పళ్లు బిగించి చూడు, ఉబికే కండ ఉంటుంది. టెన్షన్‌లో రాత్రంతా దాన్ని బిగిస్తున్నావేమో. పగలు గుర్తొచ్చినప్పుడల్లా పెదవులు కలిపి, పళ్లు మాత్రం విడిగా ఉంచు. వేడి కాపడం పెట్టు. అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపిద్దాం, పన్ను మాత్రం పీకనివ్వను. ఎలా ఉందో నాకు రాయి. ఉత్తి "నొప్పి" అని కాదు, లాగుతోందో, పీకుతోందో, పోటు పెడుతోందో సరిగ్గా రాయి.

మీ మామ్మ