చిన్ననాటి గాయం, ఇమ్యూనిటీ, సైకోసిస్: అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి మా ఓపీకి వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలామంది ఈమధ్య ఫోన్లో ఒక మాట చూసి వస్తున్నారు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్లకి ఇమ్యూనిటీ పాడై, పెద్దయ్యాక మతి చెడుతుందట. అందులో కొంత నిజం ఉంది. దాని చుట్టూ చాలా భయం, కొంత వ్యాపారం కూడా పెరిగాయి. సైకోసిస్ అంటే ఎవరూ లేకపోయినా మాటలు వినపడటం, ఆధారం లేకపోయినా ఎవరో కీడు తలపెట్టారని గట్టిగా నమ్మడం, ఆలోచన పొంతన తప్పడం. దాని గురించి మేం తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "పసిపిల్లలకి ఏటి గుర్తుంటాది డాక్టరుగారూ?"

వాస్తవం: మనసుకు గుర్తు లేకపోయినా ఒంట్లో జాడ మిగలొచ్చు. న్యూజీలాండ్‌లోని డ్యూనెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను అప్పటి నుంచీ గమనిస్తున్నారు. బాల్యంలో హింస, నిరాదరణ అనుభవించినవాళ్లకు 32 ఏళ్ల వయసులో రక్తంలో సీఆర్‌పీ లాంటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) సూచికలు ఎక్కువగా ఉన్నాయని 2007లో ప్రకటించారు.

ఇది ఎలా జరుగుతుందో కాస్త ఓపికగా చదవండి. భయం వేసినప్పుడు ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. వాపును అదుపులో పెట్టే పని కూడా దానిదే. ఇంట్లోనే భయం ఏళ్ల తరబడి సాగితే, రోగనిరోధక కణాలు ఆ హార్మోన్‌కు సరిగా స్పందించడం మానేస్తాయి. పైకి కనపడని సన్నటి వాపు ఒంట్లో ఉండిపోతుంది. అప్పుడు వెలువడే సైటోకైన్లు అనే రసాయనాల ప్రభావం మెదడులోని మైక్రోగ్లియా కణాల దాకా వెళుతుంది. ఎదిగే వయసులో అక్కర్లేని నాడీ సంధులను, అంటే నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను, తీసేసేది ఈ కణాలే. సీ4 అనే రోగనిరోధక జన్యువులోని తేడాలకూ, సైకోసిస్ లక్షణాలుండే స్కిజోఫ్రినియా అనే జబ్బు ముప్పుకూ సంబంధం ఉందని 2016లో తేలాక, ఆ తీసివేత మోతాదు మించుతోందేమో అన్న ఆలోచనకు బలం వచ్చింది. గాయం నుంచి జబ్బు దాకా మొత్తం గొలుసు ఇంకా రుజువు కాలేదు. విడివిడిగా లంకెలకు మాత్రం ఆధారాలు ఉన్నాయి.

అపోహ: "ఇమ్యూనిటీ డౌనైపోయింది, పెంచడానికి పౌడరు రాయండి."

వాస్తవం: కోవిడ్ తర్వాత ఈ మాట ఇంటింటికీ చేరింది. ఇక్కడ సమస్య బలం తగ్గడం కాదు. తుఫాను తీరం దాటిపోయాక కూడా గోపాలపూర్ రేవులో ప్రమాద సూచిక దించనట్టు, రోగనిరోధక వ్యవస్థ అప్రమత్తంగానే ఉండిపోవడం. "పెంచే" పౌడర్లు దీనికి మందు కావు. ఆ డబ్బుతో పిల్లలకు గుడ్లు, పాలు కొనండి.

అపోహ: రక్తపరీక్ష చేయిస్తే ముందే తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల్లో 9 ఏళ్లకు ఐఎల్-6 అనే వాపు సూచిక ఎక్కువగా ఉన్నవాళ్లలో, 18 ఏళ్లకు సైకోసిస్ తరహా అనుభవాలు ఎక్కువగా కనిపించాయని 2014లో చెప్పారు. అది గుంపులో కనిపించిన తేడా, ఒక్కొక్కరి సంగతి ముందే చెప్పేది కాదు. పంటి చీము, పొగతాగడం, ఊబకాయం వల్ల కూడా ఈ సూచికలు పెరుగుతాయి.

అపోహ: దెబ్బతిన్న పిల్లలందరికీ ఈ జబ్బు తప్పదు. వచ్చిందంటే పెంపకమే కారణం.

వాస్తవం: రెండూ తప్పే. 2012లో అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, బాల్యంలో కష్టాలు పడ్డవాళ్లకు సైకోసిస్ అవకాశం దాదాపు మూడింతలని తేలింది. అసలే కొద్దిమందికి వచ్చే జబ్బు కాబట్టి, మూడింతలైనా ఎక్కువమందికి రాదు. జన్యువులు, గంజాయి, ఇంకెన్నో కారణాలు కలుస్తాయి. ఏ హింసా లేని ఇళ్లలోనూ వస్తుంది. కోడల్నో, తల్లినో వేలెత్తి చూపడానికి ఈ సైన్సును వాడొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

2018 తిత్లీ తుఫాను తర్వాతే అబ్బాయి ఇలా అయ్యాడని గజపతి జిల్లా వాళ్లు చెబుతుంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ బ్రిటన్‌లో కవల పిల్లలను గమనించి 2011లో చెప్పింది వినండి: ప్రమాదాల కంటే, మనిషి కావాలని చేసిన హానికీ, అంటే పెద్దల హింసకూ, తోటిపిల్లల వేధింపుకూ, సైకోసిస్ లక్షణాలతో సంబంధం చాలా బలంగా ఉంది. తల్లిదండ్రులు సూరత్ మిల్లులకు వెళ్లడం ఒక్కటే గాయం కాదు. ఇక్కడ మిగిలిన పిల్లను ఎవరు, ఎలా చూసుకుంటున్నారు, బడిలో ఎవరు ఏడిపిస్తున్నారు అన్నది అడగాలి.

అపోహ: కారణం గాయమైతే మాత్రలు దేనికి?

వాస్తవం: కావాలి. మాటలు వినపడుతున్నప్పుడు యాంటీసైకోటిక్ మందులే ముందు నిలబెడతాయి. చికిత్స ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. వాపును తగ్గిస్తుందని ఆశపడిన మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను బ్రిటన్‌లో పరీక్షిస్తే ప్రయోజనం లేదని 2018లో తేలింది. ఠాకురాణి గుడికి మొక్కుకోండి, కాదనను. గుణియా (భూతవైద్యుడు) దగ్గర నెలలు గడపొద్దు. గొలుసుతో కట్టేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

అపోహ: పాత సంగతి కదిపితే జబ్బు ముదురుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ నమ్మకమే. దీనివల్ల వైద్యులు కూడా అడగకుండా వదిలేస్తారు. సైకోసిస్‌తో పాటు పీటీఎస్‌డీ (పాత గాయం వదలకుండా వేధించే జబ్బు) ఉన్న 155 మందితో నెదర్లాండ్స్‌లో చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, శిక్షణ ఉన్న థెరపిస్టులు గాయం మీదే నేరుగా పనిచేశారు. పీటీఎస్‌డీ తగ్గింది, సైకోసిస్ ముదరలేదు. నేనైతే నిద్ర, తిండి కుదుటపడ్డాక, ఇంటివాళ్లను బయట కూర్చోమని చెప్పి, "చిన్నప్పుడు నిన్ను ఎవరైనా బాధపెట్టారా?" అని అడుగుతాను. వెంటనే చెప్పకపోతే ఒత్తిడి చేయను, తర్వాతి విజిట్‌లో మళ్లీ అడుగుతాను. ఇంట్లో మీరు చేయాల్సింది తవ్వడం కాదు. చెబితే నమ్మడం, తిట్టకపోవడం, మా దగ్గరకు తీసుకురావడం.

దగ్గరలో మానసిక వైద్యులు లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లకు ఇప్పుడే హాని జరుగుతుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేయండి.