ఎక్సోమ్ నెగెటివ్ వస్తే జన్యులోపం లేనట్టేనా?

అపోహ: ఎక్సోమ్ (ప్రొటీన్ల తయారీకి సూచనలుండే జన్యుభాగాలను చదివే పరీక్ష) రిపోర్టు నెగెటివ్ వచ్చింది కాబట్టి బిడ్డ జబ్బు జన్యుపరమైనది కాదు.

వాస్తవం: జెనెటిక్స్ ఓపీలో నేను తరచూ వినే మాట ఇది. దీన్ని నమ్మి, రెండో గర్భానికి ముందు కౌన్సెలింగ్ అక్కర్లేదనుకునే దంపతులు, అందులోనూ మేనరికం చేసుకున్నవారు, ఎక్కువగా నష్టపోతున్నారు. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా లోపమున్న జన్యువు అందితేనే వచ్చేది రిసెసివ్ జబ్బు. తల్లిదండ్రులిద్దరూ ఒకే రిసెసివ్ జబ్బుకు క్యారియర్లయితే, అంటే జబ్బు లేకుండానే ఆ లోపాన్ని మోస్తుంటే, ప్రతి గర్భంలోనూ ముప్పు 25 శాతం ఉంటుంది. రిపోర్టులో ఏమీ రాయనంత మాత్రాన అది తగ్గదు.

ఎక్సోమ్ పరీక్షలో ప్రతి మనిషిలోనూ వేలకొద్దీ జన్యుమార్పులు బయటపడతాయి. వాటిలో ఏవి ముందు వరుసలోకి రావాలో ఎక్సోమైజర్ వంటి సాఫ్ట్‌వేర్ తేల్చేటప్పుడు, మనం హెచ్‌పీఓ (జబ్బు లక్షణాలకు అందరూ ఒకేలా వాడే పదాల పట్టిక) పదాలతో నమోదు చేసిన లక్షణాలకు పెద్ద పాత్ర ఉంటుంది. మందులకు లొంగని ఫిట్స్‌తో ఒక పాపను మా దగ్గరకు తీసుకొచ్చారు. అంతకుముందు ఎక్సోమ్ పరీక్షకు పంపిన ఫారంలో లక్షణాల గడిలో ‘ఫిట్స్’ అన్న ఒక్క మాటే ఉంది. టోపీ తీయమంటే తల్లి మొహమాటపడుతూ తీసింది. తలమీద వెంట్రుకలు చాలా పలచగా ఉన్నాయి, కనుబొమలు దాదాపు లేవు, నోటిచుట్టూ ఎర్రటి దద్దు ఉంది. “పుట్టువెంట్రుకలు తీయించకముందే రాలిపోయాయి మేడమ్, దాని గురించి ఎవరూ అడగలేదు” అందామె. ఈ లక్షణాలన్నీ చేర్చి అదే డేటాను మళ్లీ విశ్లేషిస్తే, జాబితా అడుగున వీయూఎస్‌గా (హానికరమో కాదో తేలని మార్పుగా) పడి ఉన్న బీటీడీ జన్యుమార్పు పైకి వచ్చింది. శరీరం బయోటిన్ అనే విటమిన్‌ను తిరిగి వాడుకోవడానికి కావాల్సిన బయోటినిడేజ్ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు ఇది. రక్తంలో ఆ ఎంజైమ్ పరీక్ష బయోటినిడేజ్ లోపం అనే జబ్బును నిర్ధారించింది. ఈ లోపానికి చికిత్స జీవితాంతం రోజూ వాడే బయోటిన్ మాత్రమే. పాపకు ఫిట్స్ ఆగాయి, జుట్టు మొలిచింది. అయితే ఈ జబ్బులో ఒకసారి పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు కనుక, ‘నెగెటివ్’ అన్న మాట దగ్గరే ఆగిపోయేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది.

ఫ్రాజైల్ ఎక్స్ (బుద్ధిమాంద్యం తెచ్చే ఒక జన్యుజబ్బు)లో కనిపించే రిపీట్ ఎక్స్‌పాన్షన్‌లను (డీఎన్ఏలో ఒకే ముక్క మితిమీరి పునరావృతం కావడాన్ని), ఇంట్రాన్ల (జన్యువులో ప్రొటీన్ సూచనలు లేని భాగాల) లోపలి మార్పులను మామూలు ఎక్సోమ్ సాధారణంగా పట్టుకోలేదు. కొత్త జన్యువులకు, జబ్బులకు ఉన్న సంబంధాలు ఏటా తెలుస్తూనే ఉంటాయి కాబట్టి, ఒకటి రెండేళ్లకు పాత డేటానే మళ్లీ విశ్లేషించమని అడగండి. ల్యాబ్ నుంచి వీసీఎఫ్ (కనబడిన జన్యుమార్పుల జాబితా), ఫాస్ట్‌క్యూ (ముడి డేటా) ఫైళ్లు తీసుకుని భద్రపరచుకోండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ మొదట చూపించిన పేరే జబ్బు.

వాస్తవం: కాదు. 1980ల నుంచి వాడుకలో ఉన్న డీఎక్స్‌ప్లెయిన్ మొదలుకొని ఇసాబెల్ వరకు, లక్షణాలు ఇస్తే జబ్బులు సూచించే ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఆలోచించదగిన జబ్బుల జాబితాను ఇస్తాయి. నిర్ధారణ డాక్టరు పరీక్షతో, ల్యాబ్ పరీక్షతో జరగాలి. చాట్‌బాట్ ఇచ్చిన జాబితా చూసి రాత్రంతా నిద్రపోని తల్లిదండ్రులను తప్పుపట్టను. దాన్ని వాట్సాప్‌లో నిర్ధారణగా తిప్పేవారిని మాత్రం తప్పుపడతాను.

అపోహ: ఫొటో ఇస్తే ఫేస్2జీన్ చెప్పేస్తుంది.

వాస్తవం: ఫేస్2జీన్ ముఖం ఫొటో చూసి జన్యుజబ్బులను సూచించే యాప్. ముఖంలో మార్పులు తెచ్చే సిండ్రోమ్‌లకే అది పనికొస్తుంది. పైగా, ఏ జనాభా ఫొటోలతో నేర్పారన్నదాన్ని బట్టి దాని చూపు మారుతుంది.

అపోహ: పేరు తెలిసినా చేయగలిగేది ఏమీ లేదు.

వాస్తవం: పై పాపే జవాబు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరిశోధన, పరీక్షల కేంద్రం), నిమ్స్ ఆసుపత్రి కలిసి ఎక్సలెన్స్ కేంద్రంగా ఉన్నాయి. అర్హమైన జబ్బులకు ఆర్థిక సాయం కోసం అక్కడ నమోదు చేసుకోవచ్చు. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జ్ సమ్మరీలు, ఫిట్స్ వీడియో, బిడ్డ చిన్ననాటి ఫొటోలు, ఇరువైపులా మూడు తరాల వివరాలు తీసుకెళ్లండి.