ఉప్పు విరిగే వేడి

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో రెండు గంటలు నిలిపిన స్కూటర్ సీటు మీద చెయ్యి పెట్టలేం. అది బ్యాటరీ స్కూటర్ అయితే 45 డిగ్రీల ఎండకు నడిచేటప్పుడు పుట్టే వేడి, ఛార్జింగ్ వేడి కూడా తోడవుతాయి. ఆ వేడికి ముందుగా చెడేది బ్యాటరీ లోపల రెండు ధ్రువాల మధ్య లిథియం అయాన్లను మోసే ద్రవం, ఎలక్ట్రోలైట్.

ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ లాంటి ద్రావణుల్లో లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని కరిగించి దీన్ని తయారుచేస్తారు. ఇథిలీన్ కార్బొనేట్ ఒక్కటే అయితే సుమారు 36 డిగ్రీల కిందే గడ్డకడుతుంది. అందుకే డైమిథైల్ కార్బొనేట్ లాంటి పల్చటి ద్రావణి కలుపుతారు. డైమిథైల్ కార్బొనేట్ 90 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరి తేలిగ్గా అంటుకుంటుంది.

ఈ ద్రావణులు బ్యాటరీ రుణ ధ్రువమైన గ్రాఫైట్ ముందు నిలవలేవు. మొదటి ఛార్జింగ్‌లోనే కొంత భాగం విచ్ఛిన్నమై, పుండు మీద పక్కు కట్టినట్టు గ్రాఫైట్ మీద నానోమీటర్ల మందంలో ఒక పొర ఏర్పడుతుంది. అందులోంచి లిథియం అయాన్లు వెళ్తాయి, ద్రావణి వెళ్లలేదు. బ్యాటరీ ఏళ్ల తరబడి పనిచేయడం ఆ పక్కు పుణ్యమే. ఇథిలీన్ కార్బొనేట్‌కు దగ్గరి చుట్టమైన ప్రొపిలీన్ కార్బొనేట్ ఇలాంటి పొర కట్టలేక గ్రాఫైట్‌నే రేకులు రేకులుగా ఊడగొడుతుంది. రెండిటికీ తేడా ఒక్క మిథైల్ సమూహం! ఎన్నిసార్లు చదివినా నాకిది ఆశ్చర్యమే.

ఇక ఉప్పు సంగతి. 60 డిగ్రీలు దాటాక లవణం లిథియం ఫ్లోరైడ్‌గా, ఫాస్ఫరస్ పెంటాఫ్లోరైడ్‌గా విరగడం జోరందుకుంటుంది. లక్షలో రెండు పాళ్ల తేమ ఉన్నా చాలు, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. మాంగనీసు ఉన్న కాథోడ్ (ధన ధ్రువం) నుంచి ఆ ఆమ్లం మాంగనీసును కరిగిస్తుంది. కరిగినది అవతలి ధ్రువానికి చేరి పక్కును పాడుచేస్తుంది. పాడైన చోటల్లా కొత్త పక్కు కట్టాలి, ప్రతిసారీ కొంత లిథియం ఖర్చు. 80 నుంచి 120 డిగ్రీల మధ్య ఆ పక్కే విడిపోతూ సొంతంగా వేడి పుట్టిస్తుంది. 130 దాటితే రెండు ధ్రువాలూ తగలకుండా మధ్యలో ఉండే పాలిథిలీన్ తెర కరుగుతుంది. తర్వాత షార్ట్ సర్క్యూట్, మంట.

మరి ఈ ఉప్పునే ఎందుకు వాడుతున్నాం? వేడికి ఇంతకంటే బాగా తట్టుకునే ఇమైడ్ లవణాలున్నాయి. కానీ ఎక్కువ వోల్టేజి దగ్గర అవి కాథోడ్ వెనకున్న అల్యూమినియం రేకును తినేస్తాయి. పాత లవణం ఆ రేకు మీద రక్షణ పొర కడుతుంది. అది దేంట్లోనూ ఫస్టు రాదు, దేంట్లోనూ ఫెయిలవదు.

వినైలీన్ కార్బొనేట్‌ను ఒకటి రెండు శాతం కలిపి పక్కును గట్టిపరచడం పరిశ్రమలో ఎప్పటినుంచో ఉన్న మార్గం. నాకు నచ్చింది మాత్రం ఇమైడ్ లవణాన్ని బాగా చిక్కగా కలపడం. మామూలు ద్రవంలో ఒక్కో లిథియం అయాన్ చుట్టూ సుమారు నాలుగు ద్రావణి అణువులు మూగుతాయి. చిక్కగా చేస్తే ఖాళీగా తిరిగే ద్రావణి దాదాపు మిగలదు. ద్రావణికి బదులు లవణమే విచ్ఛిన్నమై, వేడికి నిలిచే ఫ్లోరైడ్ పొర కడుతుంది. అల్యూమినియం రేకు గొడవ కూడా తగ్గుతుంది. 2017లో టోక్యో విశ్వవిద్యాలయంలో అత్సువో యమదా బృందం మంటలనార్పే ట్రైమిథైల్ ఫాస్ఫేట్‌నే ద్రావణిగా వాడి, వెయ్యికి పైగా ఛార్జింగ్ చక్రాలు నడిపి చూపించింది.

చిక్కదనం వల్ల అయాన్ల కదలిక మందగిస్తుంది, లవణం ఖర్చూ ఎక్కువే. ఫ్లోరిన్ ఉన్న ఈథర్లతో పలుచన చేస్తున్నారు గానీ, ఇలాంటి ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీటిలో త్వరగా విరగవన్న భయం నాకుంది.

కొత్త ఎలక్ట్రోలైట్ గురించి ఎక్కడ చదివినా ముందుగా నేను వెతికేది ఒకటే: పూర్తిగా ఛార్జి చేసిన సెల్‌ను 60 డిగ్రీల ఓవెన్‌లో వారాల తరబడి ఉంచాక ఎంత ఛార్జి మిగిలింది, ఎంత ఉబ్బింది.