బోరు లోతు నుంచి భూసార కార్డు దాకా: నేల, నీరు, సాగు విధానాలపై అపోహలు – వాస్తవాలు

తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాల్లో నేల గురించి, నీటి గురించి మాట మొదలైతే ఒక తికమక పదేపదే ఎదురవుతుంది. ఊరంతటికీ కలిపి వేయాల్సిన లెక్కను ఒక్క చేనుకు వేస్తారు. ఒక్క చేనుకు వేయాల్సిన లెక్కను మండలమంతటికీ వేస్తారు. రైతులు, అధికారులు ఇద్దరూ ఈ పొరపాటు చేస్తారు. కింది అపోహల్లో చాలావాటికి మూలం ఇదే.

అపోహ: ఎంత లోతుకు వేస్తే అంత నీరు. 200 అడుగులకు పడకపోతే 800కు పడుతుంది.

డెల్టాలో ఇసుక పొరల సంగతి వేరు. తెలంగాణలో ఎక్కువ భాగం, అనంతపురం, చిత్తూరు ప్రాంతాలు గట్టి రాతి మీద ఉన్నాయి. అలాంటి చోట నీరు నిలిచేది రెండు తావుల్లోనే: పైన మెత్తబడిన రాతి పొర, దాని కింద రాతిలోని పగుళ్లు. మెత్తబడిన పొర చాలా చోట్ల 100 అడుగులలోపే అయిపోతుంది. అసలు నిల్వ ఉండేది అందులోనే. కిందికి పోయేకొద్దీ పగుళ్ల సంఖ్యా తగ్గుతుంది, వెడల్పూ తగ్గుతుంది. 800 అడుగుల్లో నీరు పడిందంటే అక్కడ కొత్త నిల్వ దొరికినట్టు కాదు. చాలాసార్లు పైపొర నీరే పగుళ్ల గుండా దిగి అక్కడికి చేరుతుంది. పక్క చేలో పాత బోరు ఆగిపోవడానికీ, కొత్త బోరు రెండు మూడేళ్లకే తగ్గిపోవడానికీ కారణం అదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. గ్రానైటు రాతి ప్రాంతాల్లో వాననీటిలో 8 నుంచి 11 శాతం భూమిలోకి చేరుతుందని భూగర్భజలాల అంచనాల్లో తీసుకుంటారు. ఏడాదికి 700 మి.మీ. వాన పడే ఊళ్లో 10 శాతం వేసుకుంటే ఇంకేది 70 మి.మీ. యాసంగి వరికి బోరు కింద పెట్టే నీరు సుమారు 1,200 మి.మీ. నీటిమట్టం బాగా లోతున ఉన్నచోట అందులో ఐదో వంతు మళ్లీ ఇంకుతుందనుకున్నా, నికరంగా తోడేది 960 మి.మీ. అంటే ఒక్క ఎకరం యాసంగి వరి దాదాపు 14 ఎకరాల మీద పడిన ఏడాది వాన ఇంకుడును మింగేస్తుంది. వేరుశనగకు 450 మి.మీ. పెడితే ఆ లెక్క 6 ఎకరాలకు దిగుతుంది. ఊళ్లో బోర్లు ఎందుకు ఎండుతున్నాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఇంకో బోరు వేసినా ఈ అంకె మారదు.

ఈ పని ఊరివాళ్లే చేసుకోవచ్చు. 2000వ దశకంలో ఏపీఫామ్స్ అనే భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టులో అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం సహా ఏడు జిల్లాల రైతులు వాన, నీటిమట్టం తామే కొలిచి, రబీకి ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. పద్ధతి కష్టమైనదేం కాదు. ఊళ్లో ఒక వర్షమాపకం పెట్టాలి. కొన్ని బోర్లను ఎంచుకుని, నెలకోసారి ఒకే తేదీన, రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారాక నీటిమట్టం కొలవాలి. మోటారు ఆపిన అరగంటకే కొలిస్తే మట్టం ఇంకా తేరుకోక తప్పు అంకె వస్తుంది. బోరు పోసే నీటిని "రెండించులు" అని చెప్పుకుంటే లెక్కకు పనికిరాదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లకు నిండిందో చూడండి. 50 సెకన్లకు నిండితే సెకనుకు 4 లీటర్లు. ఆ లెక్కన ఏడు గంటలు నడిస్తే లక్ష లీటర్లు, అంటే ఎకరానికి 25 మి.మీ. తడి. అక్టోబరులో ఊళ్లోని బోర్లన్నీ ఈ లెక్కలో కూర్చితే యాసంగిలో ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల ఆరుతడి పంట సాధ్యమో తేలిపోతుంది.

మోటార్లకు ఆటో స్టార్టర్లు ఉంటే మాత్రం ఏ బడ్జెట్టూ నిలవదు. కరెంటు వచ్చినప్పుడల్లా, మడి నిండి ఉన్నా, అవి తోడుతూనే ఉంటాయి.

చట్టం కూడా ఉంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం బోర్లు నమోదు చేయించాలి, కొత్తవాటికి అనుమతి తీసుకోవాలి. తాగునీటి ప్రజా బావికి 250 మీటర్లలోపు కొత్త బోరు వేయకూడదు. అమలు నీరసంగా ఉండటం చట్టం తప్పు కాదు.

అపోహ: డ్రిప్పు పెడితే భూగర్భజలం మిగులుతుంది.

చేనులో మిగులుతుంది. మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు సాగులోకి తెస్తే ఊళ్లో మిగలదు. గతంలో మడిలోంచి మళ్లీ ఇంకే భాగం కూడా డ్రిప్పులో ఉండదు కాబట్టి కొన్నిసార్లు నికర వాడకం పెరుగుతుంది. డ్రిప్పు రాయితీతో పాటు సాగు విస్తీర్ణం మీద ఊరి ఒప్పందం కూడా ఉండాలనేది అందుకే.

అపోహ: పంట కుంట తవ్వితే చుట్టుపక్కల బోర్లు నిండుతాయి.

అడుగున ప్లాస్టిక్ షీటు పరిస్తే ఒక్క చుక్కా ఇంకదు. బోరు నీటితో నింపిన షీటు కుంటలో ఎండకు ఆవిరై పోయేదంతా నష్టమే. కుంట అసలు ప్రయోజనం వేరు. పైన 10×10 మీటర్లు, అడుగున 5×5 మీటర్లు, లోతు రెండున్నర మీటర్లు ఉన్న కుంటలో సుమారు 1,45,000 లీటర్లు పడుతుంది. ఎకరానికి 36 మి.మీ. ఒక తడి. గింజ కట్టే వేళ బెట్ట తగిలితే ఆ ఒక్క తడే పంటను కాపాడుతుంది. కుంటను వరద వచ్చే దారిలో తవ్వాలి, పూడికను ఆపడానికి దాని ముందు ఒక చిన్న గుంత తీయాలి. గుంత లేకపోతే రెండు వానలకే కుంట సగం పూడుతుంది.

అపోహ: భూసార కార్డు వచ్చింది కాబట్టి నా చేను సంగతి తెలిసిపోయింది.

మట్టి పరీక్ష ఫలితాలు రాసిచ్చేదే ఈ కార్డు. 2015 ఫిబ్రవరిలో మొదలైన ఈ కార్డుల పథకంలో నీటి వసతి ఉన్న భూముల్లో రెండున్నర హెక్టార్లకు, అంటే ఆరుంపావు ఎకరాలకు, ఒక నమూనా తీశారు. మెట్టలో అయితే 10 హెక్టార్లకు ఒకటి. 25 ఎకరాలన్నమాట! అందులో పది మంది రైతులుంటే పది మందికీ ఒకే ఫలితం. మీ కార్డులో మట్టి మీ చేనుదే కాకపోవచ్చు. మండలంలో జింకు లోపం ఎంత, సేంద్రియ కర్బనం ఎంత అని చూడటానికి ఆ కార్డు మంచి ఆధారం. ఎరువు సంచుల లెక్క తేల్చుకోవడానికి మాత్రం సొంత నమూనా తీయాలి.

పంట కోశాక, ఎరువు వేయకముందు తీయండి. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంటకుప్పలు పోసిన చోట వద్దు. చేనంతటా తిరుగుతూ 8–10 చోట్ల ఆంగ్లంలోని వీ ఆకారంలో 15 సెం.మీ. గుంత తీసి, గోడ పొడవునా పైనుంచి కిందిదాకా పలచగా గీకాలి. గోనె మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో పంపాలి. పాత ఎరువు సంచిలో పోస్తే పోషకాల ఫలితం పనికిరాదు. సూక్ష్మపోషకాల పరీక్షకైతే ఇనుప పలుగు బదులు కర్రతో గీకాలి. పండ్ల తోటలకు పైపొర ఒక్కటే చాలదు, లోతు పొరలు విడివిడిగా తీయాలి.

ఫలితంలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువైతే లోపం, 0.75 దాటితే మంచిది. జింకు 0.6 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.6) కన్నా తక్కువైతే లోపం. భాస్వరం "ఎక్కువ" అని వస్తే సిఫారసులో 30 శాతం తగ్గించవచ్చు. ఏటా సంచి మీద సంచి డీఏపీ వేసిన నీటి వసతి చేలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఒక్క డీఏపీ సంచిలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని ఉంటాయి. వరికి మామూలు సిఫారసు ఎకరాకు 24 కిలోల భాస్వరమే.

ఇక్కడ విధానం వైపు నుంచి ఒక మాట. 2010లో పోషకాధారిత రాయితీ, అంటే ఎరువులోని పోషకాల బరువును బట్టి ఇచ్చే రాయితీ, తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు; దాని ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 45 కిలోల యూరియా సంచి 266 రూపాయల 50 పైసలకే దొరుకుతుంటే, కార్డు సమతుల్యం పాటించమని ఎంత చెప్పినా రైతు చేయి యూరియా వైపే పోతుంది. దానికి రైతును నిందించడం అన్యాయం.

అపోహ: చెరువు మట్టి ఏ నేలకైనా మంచిదే, ఎంత తోలితే అంత మేలు.

చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ 2015లో మొదలయ్యాక తెలంగాణలో వేల చెరువుల పూడిక చేలకు చేరింది. ఇసుకపాలు ఎక్కువున్న ఎర్ర చల్క నేలలకు అది నిజంగా వరం. ఎకరంలో పై 15 సెం.మీ. మట్టి సుమారు 870 టన్నులు. చల్కలో బంకమట్టి 10 శాతం, పూడికలో 50 శాతం ఉంటే, మూడు టన్నుల ట్రాక్టర్లు 40 తోలినప్పుడు బంక సుమారు 15 శాతానికి పెరుగుతుంది. చేను అదనంగా కొన్ని రోజులు తేమ పట్టుకుంటుంది. ఐదారు ట్రాక్టర్లు తోలితే పెద్దగా తేడా కనిపించదు. ఇప్పటికే బంక ఎక్కువగా ఉన్న నల్లరేగడికి తోలితే డబ్బు, డీజిలు వృథా.

తోలేముందు పూడికను పరీక్షించాలి. క్షార సూచిక పీహెచ్ 8.5 దాటినా, లవణ సూచిక ఈసీ 1 దాటినా వద్దు. చౌడును కొని తెచ్చుకున్నట్టే. పూడిక పొర దాటి కింది గట్టి మట్టి తవ్వితే దానిలో సారం ఉండదు, చెరువు అడుగు కూడా పాడవుతుంది. కట్ట పాదం దగ్గర తవ్వితే కట్టకే ముప్పు. ఎండాకాలంలో తోలి, గడ్డలు ఎండి పగిలాక పలచగా పరిచి, తొలకరికి కలియదున్నాలి. కుప్పలుగా వదిలేస్తే చేనంతా మచ్చలు మచ్చలుగా మొలుస్తుంది.

అపోహ: జీవామృతం పోస్తే ఎరువుల అవసరం తీరినట్టే.

ఎకరాకు ఒకసారి పోసే జీవామృతంలో ఉండేవి: 200 లీటర్ల నీరు, 10 కిలోల పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో నత్రజని మొత్తం 200 గ్రాముల చుట్టుపక్కలే. పంట కాలంలో ఎనిమిదిసార్లు పోసినా రెండు కిలోలు దాటదు. ఎకరాకు 25 క్వింటాళ్ల వరి తీసుకునేది 40–50 కిలోలు. జీవామృతం పని సూక్ష్మజీవులను చేర్చడం. వాటికి మేత నేలలో ఉండాలి. నీడలో 48 గంటలు ఉంచి, పూటపూటా కలిపి, వారంలోపు, తేమ ఉన్న నేల మీద వాడాలి. ఎండిన దుక్కిలో పోస్తే ప్రయోజనం లేదు.

నత్రజని రావాల్సింది వేరే దారిలో. తొలకరికి ముందు చల్లే నవధాన్యాలు, అంతర పంటగా పప్పుధాన్యాలు, పచ్చిరొట్టగా ఎకరాకు 10–12 కిలోల జీలుగ విత్తనం. జీలుగను పూత దశలో, సుమారు 45 రోజులకు, కలియదున్నితే బాగా పెరిగిన చోట 25–30 కిలోల నత్రజని అందుతుంది. ముదరనిస్తే కాండం నార తేలి తొందరగా కుళ్లదు, నాట్లకు అడ్డం పడుతుంది. దుక్కిలో ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం (పేడతో చేసే పొడి రూపం) కూడా వేస్తారు. ఇవన్నీ చేయకుండా ఎరువు మానేసినవాళ్లకు మొదటి ఏడాదే దిగుబడి పడిపోయి, ప్రకృతి సేద్యం మీదే నమ్మకం పోతుంది.

దేశమంతా ఒక్కసారిగా మారితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతి నిషేధించి, నెలల్లోనే, నవంబరులో, వెనక్కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి సేద్య కార్యక్రమం ఊరూరా, రైతుల ద్వారా రైతులకు, మెల్లగా నడిచింది. మీ చేలో కూడా ముందు అరెకరంతో మొదలుపెట్టడమే క్షేమం.

అపోహ: కౌలు రైతుకు కాగితం ఇస్తే భూమి చేజారుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం 11 నెలలకే. అది పంట రుణం, బీమా, పరిహారం కోసమే. యాజమాన్య హక్కును అది తాకదు. యజమాని సంతకం కావాలి కాబట్టి ఈ భయం వల్లే చాలామంది కౌలు రైతులు పత్రానికి దూరమవుతున్నారు. తెలంగాణలో 2018లో వచ్చిన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారుకే చేరింది, కౌలు రైతుకు కాదు.

కౌలుకు ఇలా భరోసా లేకపోవడమే నేల బాగుకు పెద్ద అడ్డంకి అని మా గట్టి అభిప్రాయం. చెరువు మట్టి ఫలితం ఏళ్లపాటు ఉంటుంది, సేంద్రియ కర్బనం పెరగడానికీ ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఈ చేను తనకు దక్కుతుందో లేదో తెలియనివాడు 40 ట్రాక్టర్ల మట్టి ఎందుకు తోలుతాడు? కౌలు మాట్లాడుకునేటప్పుడే కనీసం మూడేళ్లకు కాగితం రాసుకుని, మట్టి తోలకం, గట్ల పని, పచ్చిరొట్ట విత్తనం ఖర్చు ఎవరు ఎంత పెట్టాలో అందులో చేర్చండి. గడువుకు ముందే కౌలు రద్దయితే మిగిలిన ఏళ్ల వాటాను యజమాని తిరిగి ఇచ్చే షరతు కూడా రాయండి.