పనికి ఎటు పోయినవ్ బిడ్డా?

పదకొండో రోజున పాపకు పురుడు చేశాం. మర్నాడు పొద్దున చూస్తే ఒళ్లు కాలిపోతోంది. "పాలు గుంజుతలేదు, ఊకె మూలుగుతుంది" అని మా చిన్నమ్మ ఫోన్ చేసింది. పాప ఆమె మనవరాలు. నెలలు నిండకుండానే పుట్టింది, పుట్టినప్పుడు 1,900 గ్రాములే. ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్స్ పెట్టారు. రెండు రోజులైనా జ్వరం దిగలేదు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, రక్తం పడిపోయింది.

అప్పుడు నమూనా తీసుకోవడానికి వచ్చిన ల్యాబ్ పెద్దాయన పాప వైపు కాదు, తల్లి వైపు చూశాడు. "పనికి ఎటు పోయినవ్ బిడ్డా?" అన్నాడు. "ముంబై పోయినం సార్, బిల్డింగ్ పనికి" అంది. కడుపుతో ఉండగా జ్వరం వచ్చిందా అంటే, రెండుసార్లు చలిజ్వరం వచ్చిందని, దుకాణంలో గోలీలు తెచ్చుకుని మింగానని చెప్పింది. ఆయన ఇంకేం అడగలేదు. పాప మడమ నుంచి ఒక చుక్క, తల్లి వేలి నుంచి ఒక చుక్క తీసుకున్నాడు. సాయంత్రానికి తెలిసింది, రెండు స్లైడ్లలోనూ వైవాక్స్ అనే రకం మలేరియా.

ఆ ప్రశ్న కాన్పు కాకముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. మా పాలమూరు మనుషులు గుంపు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి డ్యాములు కట్టారు, కాలువలు తవ్వారు, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ముంబైలో సిమెంటు తడపడానికి తొట్లలో నిలవ చేసే నీళ్లలోనే మలేరియా దోమ, అంటే అనాఫిలిస్ స్టీఫెన్సై, గుడ్లు పెడుతుంది. కూలీల రేకుల గుడిసెలు ఆ పక్కనే ఉంటాయి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల వైపు పనులకు వెళ్తే ఇంకా ప్రమాదం, అక్కడ ప్రాణాల మీదికి తెచ్చే ఫాల్సిపారం రకం ఎక్కువ. ఇక్కడ మన జిల్లాల్లో మలేరియా బాగా తగ్గింది. అది సంతోషమే, కానీ తగ్గింది కాబట్టే ఎవరికీ తట్టడం లేదు. గర్భిణికి జ్వరం అంటే డెంగీ అనుకుంటారు, రక్తం తక్కువ అంటే ఐరన్ మాత్రలు ఇస్తారు. ఆమె ఏ ఊళ్లో పనిచేసి పుట్టింటికి వచ్చిందో కార్డులో ఎక్కడా రాయరు.

అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. తల్లి రక్తం, బిడ్డ రక్తం మామూలుగా కలవవు. రెండింటి మధ్య మాయ (ప్లసెంటా) ఉంటుంది. బిడ్డ వైపు నుంచి వేళ్ల కుచ్చుల్లా సన్నని పోగులు వేలాడుతుంటాయి, వాటి చుట్టూ తల్లి రక్తం చెరువులా నిలిచి మెల్లగా కదులుతుంది. నెలలు నిండేసరికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం గర్భసంచికి చేరుతుంది. ఆక్సిజన్, చక్కెర, మాంసకృత్తుల ముక్కలు, అన్నీ ఆ పోగుల గుండానే బిడ్డకు అందుతాయి.

ఫాల్సిపారం క్రిమికి ఇలాంటి నెమ్మదైన చోటే కావాలి. క్రిమి చేరిన ఎర్ర కణం రక్తంతో తిరుగుతూ ప్లీహంలోకి వెళ్తే అక్కడ పట్టుబడిపోతుంది. అందుకే ఎక్కడో ఒకచోట గోడకు అతుక్కుని ఉండాలని చూస్తుంది. మాయ పోగుల మీద కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థం ఉంటుంది. క్రిమి ఎర్ర కణం పైకి ఒక ప్రొటీన్‌ను కొక్కెంలా పంపి, దాన్ని పట్టుకుని వేలాడుతుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లో చూసింది 1897 ఆగస్టు 20న. ఆ క్రిమి మాయను దేనితో పట్టుకుంటుందో మిచల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ బయటపెట్టింది 1996లో. మధ్యలో 99 ఏళ్లు. గర్భిణి జబ్బు గురించి ఇంత ఆలస్యంగా తెలుసుకున్నామంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అతుక్కున్న కణాలను తినడానికి తల్లి తెల్ల కణాలు అక్కడికి గుంపులుగా వస్తాయి. క్రిములు వదిలిన నల్లటి రంగు పదార్థం పేరుకుంటుంది, వాపు వస్తుంది. ఇక బిడ్డకు అందాల్సినవి సరిగా అందవు. ఒకపక్క క్రిములు తల్లి ఎర్ర కణాలను పగలగొడుతూ ఉంటాయి, రక్తహీనత పెరుగుతుంది. గర్భస్రావం కావచ్చు, బిడ్డ కడుపులోనే పోవచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. ఇవేవీ కాకపోయినా బిడ్డ రెండున్నర కిలోల లోపు పుట్టడం మామూలు. బరువు తక్కువ బిడ్డ వేడి నిలుపుకోలేదు, పాలు గట్టిగా చప్పరించలేదు, చిన్న ఇన్‌ఫెక్షన్‌కే ప్రమాదంలో పడుతుంది. వైవాక్స్ మాయలో ఫాల్సిపారం అంతగా పాతుకుపోదు. కానీ మళ్లీ మళ్లీ తిరగబెట్టి రక్తం లాగేస్తుంది, బిడ్డ బరువూ తగ్గిస్తుంది.

ఆఫ్రికాలో మలేరియా ఎప్పుడూ ఉండే ఊళ్లలో తొలిచూలు కాన్పుకే ఎక్కువ ముప్పు. తర్వాతి కాన్పులకు ఒంట్లో ఆ కొక్కేన్ని అడ్డుకునే ప్రతిరక్షకాలు తయారవుతాయి, తల్లికి పెద్దగా జ్వరం కూడా రాకపోవచ్చు. మన దగ్గర అలా కాదు. చిన్నప్పటి నుంచి మలేరియా ఎరగని నాగర్‌కర్నూల్ అమ్మాయి సైట్‌కు వెళ్లిందంటే ఆమెకు ఏ రక్షణా ఉండదు. మొదటి కాన్పైనా మూడో కాన్పైనా ఒకటే ప్రమాదం. పైగా దోమలకు గర్భిణులంటే ఎక్కువ ఇష్టం. గాంబియాలో చేసి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, గర్భిణుల వైపు దాదాపు రెట్టింపు దోమలు వచ్చాయి. వాళ్లు ఊపిరితో ఎక్కువ గాలి బయటికి వదులుతారు, పొట్ట కాస్త వెచ్చగా ఉంటుంది. మందు అద్దిన దోమతెర ముందు ఆమెకే ఇవ్వాలి.

పరీక్ష సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. ల్యాబ్‌లో రక్తపు చుక్కను గాజుపలక మీద మందంగా రుద్ది, ఆరబెట్టి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో వంద చోట్లు చూశాకే "లేదు" అని రాయాలి. అంత ఓపికగా చూసినా, ఫాల్సిపారం మాయలో దాక్కుంటే వేలి రక్తంలో కనిపించకపోవచ్చు. ఆశ కార్యకర్త దగ్గరుండే కిట్‌లో ఇరవై నిమిషాల్లోపే గీత వస్తుంది. క్రిమి దాక్కున్నా దాని ప్రొటీన్ రక్తంలో తిరుగుతుంది కాబట్టి ఒక్కోసారి స్లైడ్‌కు దొరకనిది కిట్‌కు దొరుకుతుంది. కానీ కిట్ కూడా తప్పిపోవచ్చు. జ్వరం తగ్గకపోతే, రక్తం పెరగకపోతే మళ్లీ చేయించాలి. ఒకసారి లేదన్నారు కదా అని ఊరుకోకూడదు.

మందులకు భయపడాల్సిన పని లేదు. వైవాక్స్‌కు క్లోరోక్విన్ గర్భంలోనూ ఇస్తారు. ఫాల్సిపారానికి ఆర్టెమిసినిన్ కలిసిన మందులు. వాటిలో ఒకటైన ఆర్టెమెథర్-ల్యుమెఫాంట్రిన్‌ను మొదటి మూడు నెలల్లో కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కాలేయంలో నిద్రపోయే వైవాక్స్ క్రిములను చంపే ప్రైమాక్విన్ మాత్రం కడుపుతో ఉన్నప్పుడు ఇవ్వరు, బిడ్డ ఎర్ర కణాలు పగిలిపోవచ్చు. కాబట్టి దుకాణంలో సొంతంగా కొనుక్కోవద్దు.

పాపకు క్లోరోక్విన్ చుక్కల మందు ఇచ్చారు, నాలుగు రోజుల్లో మళ్లీ రొమ్ము పట్టింది. తల్లి నుంచి వచ్చిన క్రిములు బిడ్డ రక్తంలోనే ఉంటాయి, కాలేయంలో నిద్రపోయే దశ ఉండదు, అందుకే బిడ్డకు ఆ రక్తం శుభ్రమైతే చాలు. ఇలాంటి జ్వరం రెండు మూడు వారాలకు, ఒక్కోసారి నెలకు కూడా బయటపడుతుంది. అప్పుడే పుట్టిన పిల్లల ఎర్ర కణాల్లో ఉండే హిమోగ్లోబిన్ వేరు, దాంట్లో క్రిమి నెమ్మదిగా పెరుగుతుంది. తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలూ కొన్నాళ్లు ఆపుతాయి.

తల్లి విషయం వేరు. వైవాక్స్ ఆమె కాలేయంలో నిద్రపోతూ ఉండొచ్చు. పాలిస్తోంది కాబట్టి ప్రైమాక్విన్ ఇప్పుడే వద్దన్నారు డాక్టరు. పాపకు ఏడో నెల, ఆరు కిలోలు దాటింది, బోర్లా పడుతోంది. దసరా తర్వాత వాళ్లు మళ్లీ ముంబై వెళ్తారు. బట్టల సంచిలో దోమతెర పెట్టుకున్నారు. ఆధార్ కార్డులున్న కవరులోనే ఆ స్లైడు రిపోర్టు కూడా పెట్టమన్నాను, అక్కడ జ్వరం వస్తే ముందు దాన్ని చూపించమన్నాను.